పల్లెపలుకునకు పట్టము గట్టిన ఈవార్ ఓసెన్

ఐరోపాఖండపు ఉత్తరభాగమున సముద్రతీరమున నున్న దేశము నార్వే. అందు పడమటి తీరమున సున్‌మోరె అను సీమలో ఎర్స్తా యను చిన్న గ్రామీణ ప్రాంతము కలదు. ఎత్తైన కొండలు, వాని నడుమ లోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలు, ఏటవాలు నేలలపై చిన్న చిన్న కమతములు — ఇదియే ఆ సీమ స్వరూపము. ఇట్టిచోట 1813వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన, ఓసెన్ అను కమతమున, ఒక పేదరైతు బిడ్డలలో కడగొట్టువాడుగా ఈవార్ ఓసెన్ జన్మించెను. మూడవయేట తల్లియు, పిమ్మట కొన్నేండ్లకు తండ్రియు గతింపగా, అన్న సేద్యమున పాటుపడుచు పెరిగెను.

ఆ కాలమున అచ్చటి పల్లెలలో బడియనగా, ఉపాధ్యాయుడు ఇల్లిల్లు తిరుగుచు ఏడాదికి కొన్ని వారములు చెప్పు చదువు మాత్రమే. అయినను ఈ బాలునకు ఒక భాగ్యము కలిగెను. సమీపమున ఏక్సెట్ అనుచోట సీవర్ట్ ఓర్‌ఫ్లోట్ (1759–1817) అను విద్యాప్రియుడు తన గ్రంథములను ఊరివారికి ఎరువిచ్చుచు ఒక గ్రంథాలయమును నెలకొల్పి, ముద్రణాలయమును గూడ స్థాపించియుండెను. ఆ మహనీయుడు గతించిన పిమ్మటను ఆ గ్రంథములు నిలిచియుండెను. పొలముపని ముగించుకొని ఓసెన్ వానిని తెచ్చుకొని చదివెను. విశ్వవిద్యాలయపు గడప తొక్కని ఆయనకు అదియే విశ్వవిద్యాలయమయ్యెను.

1831లో, పదునెనిమిదవయేట, ఆయన పల్లెలు తిరుగు ఉపాధ్యాయుడయ్యెను. పిమ్మట హేరోయ్‌లో తోరేసెన్ అను మతాచార్యునికడ లాటిను అభ్యసించెను. 1835 మొదలు 1842 వరకు సోల్నోర్ అనుచోట ఒక సైనికాధికారి పిల్లలకు చదువు చెప్పుచు, తీరికవేళల కొండచరియలపై మొక్కలను సేకరించి, ఎండబెట్టి, పేర్లు గుర్తించి భద్రపరచెను. ఆకుల భేదములను పరిశీలించిన ఆ దృష్టియే తరువాత మాటల భేదములను పరిశీలించుటకు తోడ్పడెను.

నార్వే 1814 వరకు నాలుగు శతాబ్దములకుపైగా డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. అందుచే పుస్తకములయందు, కచేరీలయందు, దేవాలయములయందు డేనిష్ భాషయే చెల్లుచుండెను. రైతు ఇంట మాటలాడు భాష మోటుమాటగా నెంచబడెను. పల్లెబిడ్డ చదువుకొనవలెనన్నచో తల్లినుడిని విడువవలసివచ్చెను. ఈ చిక్కును ఓసెన్ స్వయముగ ననుభవించెను. జనుల నోట బ్రదికియున్న మాండలికముల నుండియే దేశమునకొక వ్రాతభాషను కూర్పవలెనని 1836లోనే ఒక వ్యాసము వ్రాసుకొనెను.

1841లో తన మొక్కల సేకరణమును, సున్‌మోరె మాండలికమునకు వ్రాసిన వ్యాకరణమును చేతబట్టుకొని బెర్గెన్ నగరమునకేగి బిషప్ నోయ్మన్‌కు చూపెను. ఆయన మెచ్చుకొనగా, ట్రోండ్‌హైమ్‌లోని విద్వత్పరిషత్తు ఓసెన్‌కు వేతనమిచ్చి దేశమంతట మాండలికములను పరిశోధింప నియోగించెను. 1842 మొదలు కొన్నేండ్లు ఆయన దేశమున ఎక్కువభాగము కాలినడకన తిరుగుచు, రైతుల యిండ్ల బస చేయుచు, పలుకులను విని వ్రాసికొనెను. ఆ శ్రమఫలముగ 1848లో వ్యాకరణమును, 1850లో సుమారు 25,000 మాటల నిఘంటువును వెలువడెను. ఇవియే పెంపొంది 1864లో నూతన వ్యాకరణమును, 1873లో సుమారు 40,000 మాటల మహానిఘంటువును అయ్యెను.

ఆయన ఏ యొక్క ఊరి యాసనో తెచ్చి దేశమునకు ప్రమాణముగ నిలుపలేదు. పలు మాండలికములను సరిపోల్చి, అన్నిటికిని మూలముగ కాన్పించు రూపములను గ్రహించి, లాన్స్‌మోల్ అను వ్రాతభాషను కూర్చెను. ఎవరును ఉన్నదున్నట్లు మాటలాడని భాష యిదియని కొందరు ఆక్షేపించిరి. డేనిష్ భాషనే క్రమక్రమముగ నార్వే వాడుకకు అనుగుణముగ మార్చుట మేలని క్నూడ్ క్నూడ్‌సెన్ అను పండితుడు వాదించెను. ఓసెన్ వాదములకంటె పనిని నమ్మెను. ఆ భాషకు సాహిత్యశక్తి కలదని చూపుటకై 1855లో ఒక నాటకమును, 1863లో సీమ్రా అను కవితాసంపుటిని రచించెను.

రాజధానియగు క్రిస్టియానియాలో, అనగా నేటి ఓస్లోలో, ప్రభుత్వమొసగిన వేతనముతో అతి నిరాడంబరముగ, అవివాహితుడుగ జీవించెను. 1885లో నార్వే శాసనసభ ఆ భాషకు డేనిష్‌తో సమానస్థానము నొసంగ తీర్మానించుటను కన్నులార చూచెను. 1896వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన పరమపదించెను.

ఆ భాషకే 1929లో నీనొర్స్క్ అను పేరు ఏర్పడెను. నేడును దానిని వ్రాయువారు దేశమున అల్పసంఖ్యాకులే. అయినను చట్టమున దానికి సమానప్రతిపత్తి కలదు. ఆ భాషలో వ్రాయు యోన్ ఫోసె 2023లో సాహిత్యమున నోబెల్ బహుమానము నందుకొనెను. ఓసెన్ పుట్టిన నేలపై ఆయన స్మారకముగ ప్రదర్శనశాల కలదు. అచ్చటనే 2000లో ఒక నూతన భవనమును వెలసెను.

ఏక్సెట్ గ్రంథాలయము నుండి పుస్తకములను తీసికొనిపోవు పేదపిల్లవాడొకడు ఇంతటి వాడగునని నాడెవరూహించిరి? గ్రంథాలయము నెలకొల్పినవారు ఫలమును చూడకయే పోవచ్చును. ఓర్‌ఫ్లోట్ గతించునాటికి ఓసెన్ పసివాడు. అయినను ఆయన నాటిన విత్తు మొలచెను. మన బీరువాలలోని గ్రంథములు ఏ బాలుని, ఏ బాలిక చేతికి అందవలసియున్నవో మనకు తెలియదు. తలుపులు తెరచియుంచుట మాత్రము మన చేతిలోని పని.