విమానశిల్పి కుర్ట్ టాంక్

ఆకాశంలో దూసుకుపోయే యుద్ధవిమానాన్ని చూచినపుడు మన దృష్టి దాని రెక్కల సొగసుపైననే నిలుస్తుంది. ఆ రెక్కలను మోసుకొనిపోయే శక్తి అంతా దాని గర్భంలోని ఇంజనుదే అన్న సంగతి వెంటనే స్ఫురించదు. విమానానికి దేహాన్ని కూర్చడం కష్టమే, కాని దానికి తగిన ఇంజనును సంపాదించడం అంతకంటె కష్టం. జర్మన్ విమానశిల్పి కుర్ట్ టాంక్ జీవితం ఈ సత్యానికి చక్కని నిదర్శనం. ఆయన కృషిలో ఒక ముఖ్యఘట్టం మన దేశంలోనే జరిగింది.

టాంక్ 1898 ఫిబ్రవరి 24న బ్రోంబెర్గ్ పట్టణంలో జన్మించారు. నాడు ప్రష్యాలో ఉన్న ఆ పట్టణం నేడు పోలండులో ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆశ్వికదళంలో పనిచేసి, అనంతరం బెర్లిన్ సాంకేతిక విద్యాలయంలో చదివారు. 1931లో ఫోకె-వుల్ఫ్ సంస్థలో చేరి, అచిరకాలంలోనే అక్కడి రూపకల్పనకు సారథి అయ్యారు. తాను గీసిన విమానాన్ని తానే నడిపి పరీక్షించడం ఆయన ప్రత్యేకత. ఆయన రూపొందించిన కాండోర్ అనే ప్రయాణిక విమానం 1938లో బెర్లిన్ నుండి న్యూయార్క్‌కు ఎక్కడా ఆగకుండా సుమారు 25 గంటలలో చేరి లోకాన్ని ఆశ్చర్యపరచింది.

1939లో ఆయన ఎఫ్.డబ్ల్యు. 190 యుద్ధవిమానం తొలిసారి గాలిలోకి లేచింది. అప్పటికి జర్మనీలో పేరుపొందిన డైమ్లర్-బెంజ్ ఇంజనులు మెసర్‌ష్మిట్ విమానాలకే చాలేవి కావు. అందుచేత టాంక్ గాలితో చల్లబడే బి.ఎమ్.డబ్ల్యు. ఇంజనును ఎన్నుకొన్నారు. మొదట అమర్చినది విపరీతంగా వేడెక్కి చోదకుని గదిని కొలిమిగా మార్చింది. దానిని తొలగించి మరింత శక్తిగల ఇంజనును, దానికి తగినట్లు విమానం ముందుభాగాన్ని మార్చి అమర్చవలసి వచ్చింది. ఆ విమానాలు ఇరవై వేలకు పైగా తయారైనాయి. అవి హిట్లర్ దురాక్రమణ యుద్ధానికి ఉపయోగపడినాయన్న చేదు నిజాన్ని కూడ విస్మరించరాదు. మేధస్సు ఎంత గొప్పదైనా అది ఎవరి చేతిలో పనిముట్టు అవుతున్నదో చూచుకొనక తప్పదు.

యుద్ధానంతరం 1947లో టాంక్ అర్జెంటీనా చేరి, కొర్దొబాలో పుల్కి-2 అనే జెట్ విమానాన్ని నిర్మించారు. 1950లో ఎగిరిన ఆ విమానానికి బ్రిటన్‌లో రూపొందిన రోల్స్-రాయిస్ నీన్ ఇంజనే ఆధారం. 1955లో అధ్యక్షుడు పెరోన్ పదవి కోల్పోవడంతో టాంక్ బృందం చెదరిపోయింది. ఆ విమానం నమూనాల దశను దాటలేదు.

1956లో ఆయన భారత ప్రభుత్వ ఆహ్వానంపై బెంగుళూరు వచ్చారు. డాక్టర్ వి.ఎమ్. ఘాట్గే ప్రభృతులైన భారతీయ ఇంజనీర్లతో కలసి ధ్వనివేగాన్ని మించే యుద్ధవిమానాన్ని తలపెట్టారు. ముందుగా కొయ్యతో పూర్తిపరిమాణంలో గ్లైడరును చేసి 1959లో ఎగురవేసి చూచారు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ నడపగా హెచ్.ఎఫ్. 24 తొలిసారి గాలిలోకి లేచింది. దానికి మారుత్ అని పేరు పెట్టారు.

మారుత్ ఏ ఇంజనును దృష్టిలో ఉంచుకొని రూపొందిందో అది బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సంస్థవారి ఆర్ఫియస్-12. దానికి ఇతర గిరాకి లేకపోవడంతో బ్రిటన్ దాని అభివృద్ధిని విరమించింది. ఆ ఖర్చును భరించడానికి మన ప్రభుత్వం అంగీకరించలేదు. గత్యంతరం లేక, ఒక్కొక్కటి 4,850 పౌన్ల తోపుడు బలం మాత్రమే గల రెండు ఆర్ఫియస్-703 ఇంజనులను అమర్చారు. ఫలితంగా ధ్వనివేగాన్ని దాటవలసిన విమానం సమతలగమనంలో దానిని మించలేకపోయింది. ఈజిప్టు తయారుచేస్తున్న ఇ-300 ఇంజనును అమర్చి అక్కడ పరీక్షించారు గాని, 1969లో ఆ ప్రయత్నం కూడ ఆగిపోయింది. 1970 జనవరి 10న మారుత్ నమూనా ఒకటి కూలి సురంజన్ దాస్ అసువులు బాసినారు. మొత్తం 147 మారుత్‌లు తయారై, 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారిపై సేవచేసి, 1990లో విశ్రమించినాయి. 1960ల చివర భారతదేశాన్ని విడిచిన టాంక్ 1983 జూన్ 5న మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఇంజను ఎందుకింత దుర్లభం? అందులోని వాయువుల వేడిమి, టర్బైను రేకులు చేసిన లోహం కరిగే వేడిమిని కూడ మించుతుంది. ఆ రేకు ఒకే స్ఫటికంగా పోతపోయబడి, లోపలి సన్నని దారులగుండా గాలి ప్రవహించి చల్లబరచుచుండగా, నిమిషానికి వేలసార్లు తిరుగుతూ చెక్కుచెదరక నిలవాలి. ఈ రహస్యాలు తెలిసిన దేశాలు ఇంజనును అమ్ముతాయేగాని విద్యను అమ్మవు.

మనకు పొరుగున, తూర్పుకనుమల ఆవల, కోరాపుట్ ప్రాంతపు సునాబెడాలో 1964లో నెలకొన్న కర్మాగారం మిగ్-21 ఇంజనులను తయారుచేసింది. అక్కడ సుఖోయ్ విమానాలకై 240 ఇంజనులు నిర్మించడానికి 2024లో ఒప్పందం కుదిరింది. అవి రష్యా రూపకల్పనలే. 1989లో ఆరంభమైన మన కావేరి ఇంజను ఆశించిన బలాన్ని అందుకొనక 2008లో తేజస్ నుండి వేరుచేయబడింది. తేజస్ 2001లో అమెరికా ఇంజనుతోనే తొలిసారి ఎగిరింది. 2021లో కోరిన 99 అమెరికా ఇంజనులలో మొదటిది ఆలస్యమై 2025 మార్చిలో చేరింది. అయినను ఆశకు తావున్నది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల హెలికాప్టరు ఇంజనుకై ఏకస్ఫటిక రేకులను రూపొందించి 2021లో 60 రేకులు అందజేసింది.

విద్యార్థి మిత్రులారా! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన ఇండ్లను ఉద్దానం ప్రజలు తొందరలోనే నిలబెట్టుకొన్నారు. కూలిన కొబ్బరితోట మాత్రం ఏండ్లు గడిస్తేగాని కాపుకు రాదు. విమానదేహం ఇల్లు వంటిది, ఇంజను తోట వంటిది. ఫలం కనబడని ఏండ్లలో కూడ నీరు పోసే ఓపిక దేశానికి ఉండాలి. మారుత్ విషయంలో ఆ ఓపిక కొరవడింది. పలాస, టెక్కలి ప్రాంతాలలో నేడు లోహశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం చదువుతున్న బాలబాలికలు ఆ లోటును తీర్చగలవారే. కుర్ట్ టాంక్ మారుత్‌కు రెక్కలు కూర్చి వెళ్లారు. అటువంటి విమానానికి తగిన గుండెను మన చేతులతో మనమే కూర్చుకొనవలసి ఉన్నది.