ధర్మయోధుడు జాన్ బన్యన్

జాన్ బన్యన్ 1628లో ఇంగ్లండున బెడ్‌ఫర్డు చెంతనున్న ఎల్‌స్టో గ్రామమున జన్మించెను. తండ్రివలెనే పాత్రలకు మాట్లు వేసి జీవించెను. యౌవనమున సైనికుడయ్యెను, కాని ఆయన అసలు యుద్ధము మనస్సులోనే జరిగెను. క్రీస్తును విడువుమను దుష్ప్రేరణతో పెనగులాడి, తుదకు విశ్వాసమున నిలిచెను.

శాసనవిరుద్ధముగా బోధించెనని 1660లో ఆయనను చెఱసాలలో వేసిరి. ఇక బోధింపనని మాట యిచ్చినచో విడుదల లభించెడిది. ఇంట అంధురాలగు కుమార్తె యుండెను. ఆమెకై కుమిలియు ఆయన మాట యీయలేదు. జోళ్లకు కట్టు త్రాళ్లు చేసి కుటుంబమును పోషించుచు పండ్రెండేండ్లు చెఱలో గడపెను.

1678లో వెలువడిన ‘యాత్రికుని ప్రయాణము’న క్రైస్తవుడను యాత్రికుడు కవచము దాల్చి అపొల్యోనను పిశాచమును ఎదిర్చును. ఆ కవచమునకు వెన్నువైపు రక్షణ లేదు. వెనుదిరిగినచో చేటు తప్పదు.

1688లో ఒక తండ్రీకొడుకుల కలహము తీర్చి, వానలో తడిసి లండను చేరి, జ్వరమున మరణించెను. చదువరులారా! మాట్లు వేసిన ఆ చేతులు వ్రాసిన గ్రంథము నేడు తెలుగునను చదువబడుచున్నది.