హాస్టలు కార్యదర్శి సురవరం ప్రతాపరెడ్డి

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

కీర్తిశేషులు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఎత్తగానే మన తెలుగు శాఖ మిత్రులు ఆంధ్రుల సాంఘిక చరిత్ర అంటారు. చరిత్ర శాఖవారు గోలకొండ పత్రిక అంటారు. సాయంత్రం పూట షికారుకు పోయేవాళ్లు ట్యాంకుబండు మీద ఆయన విగ్రహం చూశామంటారు. అందరూ చెప్పేది నిజమే. నేను సైన్సు విద్యార్థిని, వ్యవసాయదారుల బిడ్డను. నా మటుకు నాకు ఆయన ముందుగా ఒక హాస్టలు కార్యదర్శి. 1924 నుండి 1932 వరకు హైదరాబాదులోని రెడ్డి హాస్టలును నడిపిన మనిషి. పెద్ద పుస్తకాలు రాసిన పండితుని జీవితంలో ఈ ఎనిమిదేళ్లను మనవాళ్లు ఒక వాక్యంలో ముగిస్తారు. నాకు అది చాలదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పల్లెటూరి హైస్కూలు నుండి వచ్చినవాళ్లకు నేను చెప్పబోయేది కొత్త కాదు. మా బడికి నాలుగూళ్ల పిల్లలం నడిచి వచ్చేవాళ్లం. వానాకాలం వాగు వస్తే ఒక ఊరి పిల్లలు హాజరు ఉండరు. పత్తి ఏరే రోజుల్లో సగం తరగతి చేన్లలోనే ఉంటుంది, మాస్టార్లకు కూడా ఆ సంగతి తెలిసి కొత్త పాఠం మొదలుపెట్టరు. మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం తిని, చింతచెట్టు కింద లెక్కలు చేసి, సాయంత్రం ఇంటికి పోయి బర్రెలకు గడ్డి వేసి, అప్పుడు పుస్తకం తీసేవాళ్లం. అయినా పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా బడి గోడ మీద సున్నంతో రాసిన పేర్లు చూస్తే ఊరంతటికీ పండుగే. ఆ వరుసలో మొదటి పేరు ఒక అమ్మాయిది, నాది రెండోది. నేను నగరానికి వచ్చి చదువుతున్నాను. ఆమె రాలేదు. మార్కులు తక్కువై కాదు, ఫీజు కట్టలేక కూడా కాదు. నగరంలో ఉండడానికి నమ్మకమైన చోటు దొరకక వాళ్లింట్లో పంపలేదు. నాకేమో గౌలిగూడలో మా ఊరివాళ్ల గదిలో ఇంత చాప పరుచుకునే జాగా దొరికింది. మా ఇద్దరి మధ్య తేడా అంతే.

ఈ తేడా ఎంత పెద్దదో ప్రతాపరెడ్డి గారికి స్వయంగా తెలుసు. ఆయన 1896 మే 28న పాత మహబూబునగరం జిల్లాలో, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, అలంపురం ప్రాంతం. తుంగభద్రకు ఇవతల నైజాం రాజ్యం, అవతల బ్రిటిషువారి ఏలుబడిలోని కర్నూలు. చదువు కోసం ఆ పిల్లవాడు ఏరు దాటి కర్నూలు పోవలసి వచ్చింది. తర్వాత హైదరాబాదులో నిజాం కాలేజీ, ఆపైన మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ. బి.ఏ. అయింది, న్యాయశాస్త్రం అయింది. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు పట్టుబడ్డాయి. అంటే చిన్ననాటి నుండి పాతికేళ్లు దాటేదాకా ఆయన పరాయి ఊళ్లలోనే తిని, పరాయి ఊళ్లలోనే పడుకుని చదువుకున్నారన్నమాట.

ఆనాటి హైదరాబాదు ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, కాని కచేరీ భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అబిడ్సుకు దగ్గర్లోనే, గన్‌ఫౌండ్రీ ప్రాంతపు ఇళ్లల్లో మొదట తరగతులు నడిచాయి. దేశభాషలో పై చదువులు చెప్పిన ఆ ప్రయత్నం గొప్పదే, అయితే ఆ భాష ఉర్దూ. తెలుగు పల్లెల పిల్లవాడు ఉర్దూ నేర్చుకుంటే గాని కాలేజీ గడప ఎక్కలేడు. తెలుగు చదువుకోవాలంటే సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి చోట్లు ఒకటీ అరా ఉండేవి. 1921 నవంబరులో మా గౌలిగూడను ఆనుకున్న జాంబాగులోని వివేకవర్ధినిలో ఒక సంఘ సంస్కార సభ జరిగింది. ధొండో కేశవ కర్వే గారు అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే విన్న సభ, అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టింది. ఆ రాత్రి మనసు నొచ్చుకున్న కొద్దిమంది కలిసి పెట్టుకున్నదే ఆంధ్ర జన సంఘం. ఇప్పుడు ఆ రోడ్డున రోజూ కాలేజీకి పోయే మాలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

రెడ్డి హాస్టలు కూడా 1918లోనే పుట్టింది. స్థాపించినవారు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు. ఆ తర్వాత 1920 నుండి 1934 వరకు నగర కొత్వాలుగా ఉన్నది ఆయనే. పేరులో కులం ఉంది, ఎందుకని ఇవాళ ఎవరైనా అడిగితే తప్పు లేదు. ఆ కాలంలో చందా ఎత్తాలంటే కులం పేరు మీదే ఎత్తగలిగేవారు. ఇతర కులాలవారు కూడా తరువాత ఇదే దారిలో తమ పిల్లలకు హాస్టళ్లు కట్టుకున్నారు. ఏ కులానికీ చందా ఎత్తే స్తోమత లేని కుటుంబాల పిల్లలు మాత్రం సర్కారు హాస్టళ్లు వచ్చేదాకా బయటనే ఉండిపోయారు. ఈ రెండో మాట కూడా చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

న్యాయవాదిగా నాలుగు డబ్బులు సంపాదించుకోగలిగిన ప్రతాపరెడ్డి గారు 1924లో ఈ హాస్టలు బాధ్యత నెత్తిన వేసుకున్నారు. హాస్టలు నడపడం అంటే ఏమిటో హాస్టల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. బియ్యం, పప్పు, కట్టెలు చూసుకోవాలి. ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లవానికి ధైర్యం చెప్పాలి. దారి తప్పేవాణ్ణి మందలించాలి. వీటితో ఆగకుండా ఆయన హాస్టల్లో చక్కని గ్రంథాలయం పెంచారు. చదువుతో పాటు వ్యాయామమూ ఉండాలని పట్టుబట్టారు. పల్లె నుండి పరీక్ష పుస్తకం ఒక్కటి పట్టుకుని వచ్చినవాడికి అక్కడ తెలుగు పుస్తకాలు, పత్రికలు, దేశంలో జరుగుతున్న సంగతులు తెలిశాయి. తరువాత తెలంగాణ సాయుధ పోరాట నాయకుడై, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుండి దేశమంతా చెప్పుకునేటంత మెజారిటీతో పార్లమెంటుకు పోయిన రావి నారాయణరెడ్డి గారు ఆ హాస్టలు విద్యార్థే. ఆయన దారి వేరు, ప్రతాపరెడ్డి గారి దారి వేరు. కాని వేరు దారులు పట్టేటంత ఆలోచన పిల్లలకు అబ్బిందంటే ఆ చోటు గొప్పదనే గదా!

హాస్టలు పని చేస్తూనే 1926 మే 10న గోలకొండ పత్రికను మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. చేతిలో మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. రకరకాల మారుపేర్లతో తానే రాసి పుటలు నింపేవారు. సర్కారు వారి కన్ను ఎప్పుడూ పత్రిక మీద ఉండేది. సంపాదకీయాలు ముందుగా చూపి అనుమతి పొందాలన్న ఆంక్ష వచ్చినప్పుడు ఆయన తన సంపాదకీయం మానుకుని, ఆ జాగాలో ప్రపంచంలోని పెద్దలు స్వేచ్ఛను గురించి, న్యాయాన్ని గురించి చెప్పిన మాటలను అచ్చు వేశారు. చదివేవాళ్లకు అర్థం కానిదేముంది? 1930లో జోగిపేటలో తొలి నిజామాంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షులుగా ఆయననే ఎన్నుకున్నారు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు సెలవు కావలసిన రోజులవి.

తెలంగాణలో కవులే లేరని ఒకరు రాశారట. దానికి జవాబుగా ఇంకొకరైతే నాలుగు తిట్లు రాసేవారు. ప్రతాపరెడ్డి గారు ఊరూరికీ జాబులు రాసి, పద్యాలు తెప్పించి, ఏరి కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. సైన్సు చదివేవాడిగా నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఒక ప్రతిపాదన తప్పని తేల్చాలంటే గొంతు పెంచి లాభం లేదు, నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టాలి. మా లాబరేటరీలో మాస్టారు రోజూ చెప్పేది ఇదే.

ఇదే పద్ధతి ఆయన పెద్ద పుస్తకంలోనూ ఉంది. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాల తేదీలు ముఖ్యం కావు. తెలుగువాళ్లు వెయ్యేళ్లుగా ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, రైతు ఎట్లా దున్నాడు, పన్ను ఎంత కట్టాడు, సంతలో ఏం అమ్మారు, ఇవీ అందులోని సంగతులు. వీటికి శాసనాలు చాలవని క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి కావ్యాలను, శతకాలను, సామెతలను జల్లెడ పట్టారు. అందరూ అలంకారాల కోసం చదివిన పద్యాల్లో ఆయన కూడు, గుడ్డ, నాగలి వెతికారు. నిఘంటువుల్లో దొరకని మాటలకు పల్లెజనం వాడుకలో అర్థం పట్టుకున్నారు. మా నాయనమ్మ రోజూ అనే మాట పెద్ద గ్రంథంలో ప్రమాణంగా కనిపిస్తే మా బోంట్లకు ఎంత ధైర్యం కలుగుతుందో పట్నంలో పుట్టి పెరిగిన మిత్రులకు చెప్పినా పూర్తిగా తెలియదు. చరిత్రలో మా ఇంటికి కూడా చోటుందని నేను తెలుసుకున్నది ఆ పుస్తకం చదివాకనే.

చదువు తెలుగులో సాగాలనే ఆయన పట్టుదలకు మరొక గుర్తు ఆంధ్ర సారస్వత పరిషత్తు. 1943లో అది రెడ్డి హాస్టల్లోనే పురుడు పోసుకుంది. దాన్ని నిలబెట్టినవారిలో ప్రతాపరెడ్డి గారొకరు. ప్రాథమిక, ప్రవేశ, విశారద అని పరిషత్తు పెట్టిన పరీక్షలు కాలేజీ మెట్లెక్కని ఎందరికో తెలుగు చదువును అందించాయి. ఆడపిల్లల చదువుకు మాడపాటి హనుమంతరావు గారు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. ఇక్కడి విశ్వవిద్యాలయం తెలుగు చదువును ఒప్పుకోకపోతే, పూనాలో కర్వే గారు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకుని పరీక్షలు రాయించారు. దారి మూసుకుంటే మరో దారి వెతకడం ఆ తరం పెద్దలకు అలవాటు.

1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1952 ఎన్నికల్లో ప్రతాపరెడ్డి గారు వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. ఏడాదిన్నర తిరక్కుండానే 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. యాభై ఏడేళ్లే. కేంద్ర సాహిత్య అకాడెమీ 1955లో తెలుగుకు తొలి బహుమతి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఇచ్చింది. అందుకోవడానికి రచయిత లేడు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని 2025లో శాసనసభ బిల్లు ఆమోదించింది. ఏరు దాటి బడికి పోయిన పిల్లవాని పేరు విశ్వవిద్యాలయానికి వచ్చింది. సంతోషమే.

ఇక మన సంగతి. ఆనాటి పిల్లలకు ఉర్దూ ఎట్లానో, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మాకు ఇంగ్లీషు అట్లా అయింది. మొదటి ఏడు రసాయన శాస్త్రం పాఠం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాయడానికి ఒక్కొక్కరం ఎంత కష్టపడ్డామో మా గదుల్లో రాత్రి వెలిగిన దీపాలకు తెలుసు. పల్లె బస్సులన్నీ ఒకప్పుడు గౌలిగూడలోని పెద్ద ఇనుప షెడ్డుకే వచ్చేవి. 1994లో కొత్త బస్టాండు వచ్చింది, ఆ పాత షెడ్డు 2018లో కూలిపోయింది. పెట్టె పట్టుకుని దిగే పిల్లలు మాత్రం తగ్గలేదు. దిగినవానికి మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే: రాత్రికి ఎక్కడ ఉండాలె?

ఈ సంచిక పూర్వ విద్యార్థుల చేతికి కూడా వెళుతుంది. మన కాలేజీకి ఏమి ఇవ్వాలా అని వారిలో కొందరు ఏటా అడుగుతుంటారు. కప్పులు, షీల్డులు, శిలాఫలకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. పల్లె నుండి వచ్చే ఆడపిల్లలకు నాలుగు గదులు, పూటకు ఇంత అన్నం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సైన్సు పుస్తకాలున్న ఒక బీరువా ఏర్పాటు చేయవలసిందిగా నా ప్రార్థన. వాటిని చూసుకోవడానికి ఓపిక ఉన్న ఒక కార్యదర్శి కూడా కావాలి. ఆ ఉద్యోగం చిన్నదని ఎవరూ అనుకోనక్కరలేదు. మా బడి గోడ మీద మొదటి పేరు రాయించుకున్న ఆ అమ్మాయి తమ్ముడూ చెల్లెలూ ఇప్పుడు తొమ్మిదిలో, ఎనిమిదిలో ఉన్నారు. తమ్ముడికి మా గదిలో చాప వేస్తాం. చెల్లెలి సంగతి పెద్దలు ఆలోచించాలి.