మోతాదు కలిపిన జట్టు

శ్రీసిటీ కంపెనీల గేట్ల దగ్గర రెజ్యూమే పట్టుకుని తిరుగుతున్నారా? యల్లాప్రగడ సుబ్బారావుకీ తలుపులు ఊరికే తెరుచుకోలేదు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ పోయి ఎల్‌ఎంఎస్సే దక్కింది. బోస్టన్‌లో ఆసుపత్రి నైట్ పోర్టర్‌గా చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్ పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లే ల్యాబ్‌లో చేరారు.

అసలు పని అక్కడే! అప్పట్లో పిల్లలకు ల్యుకేమియా వస్తే మిగిలేది వారాలో, నెలలో. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. మందు చేతికొస్తే సరిపోతుందా? కాస్త ఎక్కువైతే నోట్లో పుండ్లు, రక్తస్రావం. మాటిమాటికీ రక్తపరీక్ష, మజ్జ పరీక్ష, రక్తం ఎక్కించడం. కెమిస్టు, ల్యాబు, వార్డు కలిసి నడిస్తేనే రేపటి మోతాదు తేలేది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు వచ్చాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది, కొంతకాలమే అనుకోండి. ఆగస్టులో సుబ్బారావు పోయారు, 53 ఏళ్లకే.

ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లల ల్యుకేమియాకు వాడుతున్నారు. ఏ బిడ్డకు ఏ పరీక్ష ఎప్పుడో, ఏ డాక్టరుకు ఏ రిపోర్టు చేరాలో చూసుకునే మనుషులు ఆ వార్డుల్లో ఇప్పుడూ కావాలి. ఆ ఉద్యోగానికి కేర్ కోఆర్డినేటర్ అని పేరు. నర్సింగ్ చదివినవాళ్లు ముందు ఇదీ చూడండి.