డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

చంద్రబండ గ్రామం నేడు కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ నివసించే తెలుగువారికి, కన్నడిగులకు, ఉర్దూ మాట్లాడేవారికి అందరికీ రాజధాని హైదరాబాదే. నూరేళ్లకు పూర్వం ఆ నగరంలో ఒక మందును గురించి జరిగిన పరీక్ష ప్రపంచమంతటా వైద్యుల మధ్య పెద్ద చర్చను లేపింది. దానికి కారకులు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

లారీ 1846లో జన్మించారు. స్కాట్లండులోని ఎడింబరో నగరంలో వైద్యవిద్య అభ్యసించారు. ఆ రోజులలో అక్కడ జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు గొప్ప పేరు పొంది ఉండేవారు. లారీ ఆయన వద్ద శిష్యరికం చేశారు. మత్తుమందుగా క్లోరోఫాం వాడకం మొదలైంది కూడా ఎడింబరోలోనే. 1847లో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు దానిని ప్రవేశపెట్టారు. అంతకు పూర్వం శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు గట్టిగా పట్టుకోవలసి వచ్చేది. అతడు స్పృహలో ఉండగానే కత్తి పెట్టేవారు. గుడ్డపై కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర ఉంచితే నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే మందు వచ్చిందంటే ఎంత సంతోషం కలిగి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులో పదిహేనేళ్ల బాలికకు కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. కొన్ని నిమిషాలలోనే ఆమె మరణించింది. చిన్న చికిత్స, ఆరోగ్యంగా ఉన్న పిల్ల. తరువాత అటువంటి మరణాలు మరికొన్ని జరిగాయి. లండనులో జాన్ స్నో అనే వైద్యుడు వాటి వివరాలన్నీ సేకరించి, ఒక్కొక్క మరణం ఎలా సంభవించిందో పరిశీలించారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపినది కూడా ఈయనే. గుండె హఠాత్తుగా ఆగిపోవడమే చాలా మరణాలకు కారణమని ఆయన భావించారు. ఎడింబరో వైద్యులకు ఆ మాట నచ్చలేదు. ముందుగా ఆగేది ఊపిరేననీ, ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే ప్రమాదం రాదనీ వారి నమ్మకం. సైమ్ శిష్యులైన లారీకి కూడా అదే నమ్మకం.

లారీ 1872లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశానికి వచ్చారు. కొంతకాలం లాహోరు వైద్య కళాశాలలో శస్త్రచికిత్స బోధించారు. 1885లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నియమితులయ్యారు. 1846లో ప్రారంభమైన అక్కడి వైద్య పాఠశాలకు కూడా ఆయనే పెద్ద అయ్యారు. తరువాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా మారినది ఈ పాఠశాలే. ఆయన వచ్చాక అందులో స్త్రీలకు ప్రవేశం లభించింది. పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూంజీ ఇక్కడే చదివి 1889లో పట్టం పొందారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను నేడు పలువురు పేర్కొంటున్నారు.

లారీ పద్ధతి చాలా కచ్చితమైనది. మందు ఇచ్చే వ్యక్తికి మరొక పని ఉండరాదు. అతని చూపంతా రోగి శ్వాసపైనే నిలవాలి. నాడి చూస్తూ కూర్చుంటే ఊపిరిని మరచిపోతారని ఆయన అభిప్రాయం. ఈ విధంగా తాను స్వయంగా ఇచ్చినవి, తన పర్యవేక్షణలో ఇచ్చినవి కలిపి వేలాది చికిత్సలలో ఒక్క మరణం కూడా జరగలేదని ఆయన చెప్పేవారు. ఈ అనుభవం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయినా లండను వైద్యులు నమ్మలేదు.

అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1888లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. నూటికి పైగా కుక్కలకు మందు ఇచ్చి చూసి, ముందుగా ఆగేది ఊపిరేనని తేల్చారు. లండనులోని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ నిర్ణయాన్ని శంకించింది. నిజాం ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. పత్రిక తరఫున ఒక నిపుణుడు స్వయంగా వచ్చి చూడడానికి వెయ్యి పౌన్లు ఇచ్చింది. మందుల గుణాలను ఎరిగిన శాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ 1889లో సముద్రం దాటి వచ్చారు. వచ్చేటప్పుడు ఆయన కూడా గుండెకే ప్రమాదమన్న పక్షంవారు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొత్తం 490 జంతువులపై పరీక్షలు జరిగాయి. వాటిలో 120 జంతువుల రక్తపోటును యంత్రంతో నమోదు చేశారు. చివరకు బ్రంటన్ మనసు మార్చుకున్నారు. గుండెకు నేరుగా ప్రమాదం లేదని లండనుకు తంతి పంపారు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నిటిలో మార్మోగింది.

లారీ జీవితంలో అది గొప్ప విజయం. చిక్కు కూడా అక్కడే మొదలైంది. క్లోరోఫాం వల్ల ఎక్కడ ఎవరు మరణించినా అది ఇచ్చినవారి అజాగ్రత్తేనని ఆయన వాదించసాగారు. ఊపిరి ఆడుతుండగానే రోగి నాడి ఆగిపోవడం కళ్లారా చూశామని చెప్పిన వైద్యులు ఎందరో ఉన్నారు. ఆయన వారి మాట వినలేదు. వారిలో అనుభవం కలవారు, జాగ్రత్తపరులు లేకపోలేదు.

హైదరాబాదులో చూడని మరణాలు మరొక చోట ఎందుకు జరిగాయి? దీనికి జవాబు జంతువులలో దొరకదని లాన్సెట్ పత్రిక గ్రహించింది. పలు దేశాల ఆస్పత్రుల నుండి మత్తుమందు మరణాల వివరాలు తెప్పించింది. డడ్లీ బక్స్టన్ అనే వైద్యుడు వాటిని పరిశీలించి 1893లో నివేదిక వెలువరించారు. కొందరిలో ఊపిరి కంటె ముందే గుండె ఆగిందని అందులో తేలింది. క్లోరోఫాం కంటె ఈథర్ అనే మందు క్షేమమని కూడా కనిపించింది. అయితే మరణాలను మాత్రమే లెక్కిస్తే చాలదు. పది మంది మరణించారంటే, వందమందిలో పదిమందా, లక్షమందిలో పదిమందా అన్నది తెలియాలి. అందుకే బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ మందు తీసుకొని క్షేమంగా ఇంటికి వెళ్లినవారి వివరాలను కూడా సేకరించింది. మామూలుగా జరిగే చికిత్సలనే ఒక్కొక్కటిగా కాగితంపై నమోదు చేయించింది. ఆ నివేదిక 1900లో వెలువడింది. అందులోనూ క్లోరోఫామే ఎక్కువ ప్రమాదకరమని తేలింది.

లారీ 1901లో ఉద్యోగ విరమణ చేశారు. ఆ సంవత్సరమే క్లోరోఫాంపై ఆయన గ్రంథం వెలువడింది. తన పద్ధతిపై నమ్మకం ఆయనకు సడలలేదు.

అసలు రహస్యం 1911లో బయటపడింది. గుడ్మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి ఒక సంగతి కనుగొన్నారు. మత్తు పూర్తిగా ఎక్కకముందు, లేతగా ఉన్నప్పుడే ప్రమాదం. భయం కలిగినా, నొప్పి తగిలినా శరీరంలో అడ్రినలిన్ అనే పదార్థం ఊరుతుంది. క్లోరోఫాం సోకిన గుండె దానిని తట్టుకోలేదు. సక్రమంగా కొట్టుకోవడం మాని వణకసాగి, ఒక్కసారిగా ఆగిపోతుంది. హైదరాబాదు జంతువులకు మందు ఎక్కువగా ఇచ్చి, గాఢమైన మత్తులో ముంచారు. ఆ స్థితిలో ముందుగా ఆగేది ఊపిరే. కాబట్టి కమిషన్ చూసినది అబద్ధం కాదు. చూడనిది లేదనడమే పొరపాటు. రోగులను త్వరగా గాఢనిద్రలోకి తీసుకుపోయే లారీ శిష్యుల నేర్పు కూడా వారి రోగులను కాపాడి ఉండవచ్చు.

లారీ 1915లో మరణించారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు శస్త్రచికిత్సలలో క్లోరోఫాం వాడకం క్రమంగా ఆగిపోయింది. మందు అంగడికి వచ్చిన తరువాత కూడా దాని ప్రభావాన్ని కనిపెట్టి ఉండే పని మాత్రం పెరిగింది. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అనే మందు వల్ల వేలాది శిశువులు అవయవ లోపాలతో పుట్టినట్లు 1961లో బయటపడింది. ఆ విషాదం తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో దేశదేశాల నుండి ఇటువంటి సమాచారం సేకరించసాగింది. మన దేశంలో మందుల భద్రతను పర్యవేక్షించే జాతీయ కార్యక్రమం 2010లో ఆరంభమైంది. వైద్య కళాశాలలలోని కేంద్రాల నుండి వివరాలు గాజియాబాదుకు చేరుతాయి. వైద్యులే కాదు, నర్సులు, మందుల షాపువారు, చివరకు మందు వాడిన రోగులు కూడా తెలుపవచ్చు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నడు మొదలుపెట్టారు, దానితోపాటు మరే మందులు వాడారు, ఏమి జరిగింది అన్నవి అందులో పూరించాలి. రోగి పూర్తి పేరు అక్కరలేదు. పొడి అక్షరాలు చాలు.