తేయాకు తోటల్లో తెలుగు ఆరాధన

కెబారు నది దగ్గర చెరలో ఉన్న తన ప్రజల మధ్యకు వెళ్లిన యెహెజ్కేలు ప్రవక్త, వాళ్లు కూర్చున్న చోటనే ఏడు దినాలు కూర్చుండిపోయాడు. బోధ ఆ తర్వాతే మొదలైంది. నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికా వెళ్లిన దైవజనుడు జాన్ రంగయ్య గారి జీవితం చదివినప్పుడల్లా మాకు గుర్తొచ్చేది ఆ ప్రవక్తే.

మన సంఘాల్లో జూవెట్ దొర, క్లౌ దొర పేర్లు చిన్నపిల్లలు కూడా చెబుతారు. రంగయ్య గారి పేరు బాప్తిస్టు కుటుంబాలకు బాగా తెలిసిందే కానీ, మన పల్నాడులో లూథరన్ సోదరులకు అంతగా తెలియదు. తెలియాలి. సువార్త మన దగ్గరికి వచ్చిన కథ ఎంత ముఖ్యమో, మన దగ్గర్నుంచి వెళ్లిన కథ కూడా అంతే ముఖ్యం.

ఆయన వెళ్లిన నేటాల్ ప్రాంతం జులూ ప్రజల నేల. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన తెల్లవారు ఆ నేలలో చెరకు, తేయాకు తోటలు వేసుకుని, పనికి మన దేశం నుంచి కూలీలను రప్పించుకున్నారు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది అలా వెళ్లారు. వారిలో విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు తెలుగువారు ఎందరో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం. రిజిస్టరులో ప్రతి మనిషికీ ఒక నంబరు. దొరకు వాళ్లందరూ కూలీలు, కాదంటే మద్రాసీలు. ఒప్పందం తీరాక అక్కడే ఉండదలిస్తే ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం కూడా చేశారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే! ఆ నేల తెల్లవారిదీ కాదు, మనవారిదీ కాదు. కానీ అక్కడ పుట్టిన బిడ్డలకు వేరే ఊరేదీ తెలియదు.

వలస వెళ్లిన వారిలో కొందరు క్రైస్తవులు. కాపరి లేడు. పని ముగిశాక చీకట్లో కూడుకుని తమకు తెలిసినంతలో ప్రార్థించుకునేవారు. మాకొక సేవకుణ్ణి పంపండని వారు చేసిన మనవి నెల్లూరు చేరింది. ఇక్కడి తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ వారు రంగయ్య గారిని పంపారు. అమెరికా కానుకలతో నిలబడిన సంఘాలు తామే ఒక మిషనరీని సముద్రం దాటించాయన్నమాట. పేద సంఘాలు చేసిన సాహసం అది.

1903లో ఆయన భార్యాబిడ్డలతో డర్బన్‌లో దిగారు. అదే ఏడు జూన్‌లో అక్కడ ఇండియన్ ఒపీనియన్ అనే పత్రిక పుట్టింది. గాంధీ గారి పోరాటానికి నోరు అదే. ఇంగ్లిషు, గుజరాతీ, హిందీ, తమిళం, నాలుగు భాషల్లో వచ్చింది. తెలుగు లేదు. పత్రికను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పత్రికలో చోటు లేని భాషకు ప్రార్థన కూటంలో చోటు దొరికిందనేదే మా మాట. లీజ్ హ్యులెట్ దొర తేయాకు తోట ఉన్న కియర్స్‌నీలో 1903 డిసెంబరు 27న తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. నంబరుతో పిలిచే మనిషిని అక్కడ బాప్తిస్మం పేరుతో పిలిచారు. పగలల్లా దొర భాషలో తిట్లు తిన్న చెవికి ఆదివారం అమ్మ భాషలో వాక్యం వినబడింది.

అక్కడి నుంచి ఆయన ఉత్తర తీరంలోని తోటలకూ, డర్బన్‌కూ తిరిగి సంఘాలు కట్టారు. పన్నెండేళ్ల పరిచర్య. చివర్లో భేదాభిప్రాయాలు తలెత్తి సంఘం రెండు పాయలైంది. పరిశుద్ధుల జీవితాలు రాసేవారు ఇలాంటివి దాటవేస్తారు గానీ, పౌలు బర్నబాలు విడిపోయిన సంగతిని లేఖనం దాచలేదు. మనమెందుకు దాచాలి? 1913లో కూలీలంతా సమ్మె చేశారు, 1914లో ఆ మూడు పౌన్ల పన్ను రద్దయింది. మరుసటి ఏడు, 1915లో, రంగయ్య గారు ప్రభువునందు నిద్రించారు. నెల్లూరు తిరిగి వచ్చి స్థిరపడలేదు. ఆయన కుమారుడు కూడా ఆ దేశంలోనే పరిచర్య చేశారు.

మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి మా రాజుపాలెం చుట్టుపక్కల పొలాలకు కుటుంబాలు వస్తాయి. వారిలో కొందరు ఆదివారం మందిరంలో వెనక వరుసలో కూర్చుంటారు. వారి ఊళ్ల పేర్లు మనలో ఎందరం అడిగాం?

నేటాల్‌లో ఇంటి పేర్లు మిగిలాయి, నాయుడు అనేది అక్కడ నాయిడూ అయింది. మనుమల తరానికి ఇంట్లో మాట ఇంగ్లిషే. ఆరాధన కూడా క్రమంగా ఇంగ్లిషులోకి మారింది. 2014లో అక్కడి ప్రభుత్వం తెలుగును బడిలో ఐచ్ఛిక భాషగా మళ్లీ అనుమతించింది. ఇష్టమైన పిల్లలు అ, ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.