మట్టి ఇంజను చేసిన జార్జ్ స్టీఫెన్‌సన్

మన భీమడోలు మీదుగా పోయే రైళ్ళు ఇప్పుడు కరెంటుతో నడుస్తున్నాయి. 1893–96 మధ్య ఈ తూర్పు తీరం లైను వేసినప్పుడు అన్నీ పొగబండ్లే. పొగబండిని జనం ఎక్కే రైలుగా మార్చినవారిలో ముఖ్యుడు జార్జ్ స్టీఫెన్‌సన్.

ఆయన 1781 జూన్ 9న ఇంగ్లాండులోని వైలం అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న గనిలో ఇంజనుకు బొగ్గు వేసే కూలి. అమ్మానాన్నలకు చదువు రాదు. జార్జ్ చిన్నప్పుడు రోజుకి రెండు పెన్నీల కూలికి ఆవులు కాసేవాడు. బంకమట్టితో ఇంజను బొమ్మలు చేసి, బోలు కాడలను గొట్టాలుగా పెట్టేవాడు.

పద్దెనిమిదేళ్ళప్పుడు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాడు. చెప్పులు కుట్టి, గడియారాలు బాగుచేసి కొడుకు రాబర్ట్‌ని చదివించాడు. కొడుకు తెచ్చిన పాఠాలు తానూ చదివాడు.

1814లో మొదటి రైలు ఇంజను చేశాడు. 1825లో లివర్‌పూల్–మాంచెస్టర్ లైను కోసం పార్లమెంటు కమిటీ ముందు నిలబడితే, లాయర్లు లెక్కల్లో తప్పులు పట్టారు. ఆయన యాసకి నవ్వారు. బిల్లు పోయింది. ఆయన మాత్రం పని మానలేదు. 1829లో రైన్‌హిల్ పోటీలో తండ్రీకొడుకుల రాకెట్ ఇంజను గంటకు 45 కిలోమీటర్లు దాటి పరుగెత్తి గెలిచింది. 1830లో అదే లైను మొదలైంది.

1848 ఆగస్టు 12న ఆయన చనిపోయాడు. రాకెట్ ఇంకా ఇంగ్లాండు మ్యూజియంలో ఉంది. దాని చిన్న నమూనాలు కొని దాచుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

స్నేహితులారా, మన యాసకి ఎవరైనా నవ్వితే ఈయన్ని తలుచుకోండి. సెలవులకి ఇంటికి పోయేటప్పుడు పుస్తకాలు కూడా పట్టుకుపోదాం. అమ్మకీ నాన్నకీ పేరు రాయడం నేర్పిద్దాం.